జ్ఞాపకాల బడి

పగలంతా ఊళ్లు తిరిగి ఇతరుల కష్టసుఖాలు విచారించి, పొద్దుగూకిన తరువాత ఇల్లు చేరి పొయ్యి రాజేసే స్త్రీకి తన కథ తాను రాసుకొనే తీరిక ఎక్కడిది? తీరిక దొరికినా, ఆ కథ రాయదగినదన్న నమ్మకం ఎవరు ఇస్తారు? ఉత్తరప్రదేశ్‌లో, లక్నోకు ఉత్తరాన ఉన్న సీతాపూర్ జిల్లాలో ఏడుగురు గ్రామీణ కార్యకర్తలు 2002వ సంవత్సరం చివర ఈ రెండు ప్రశ్నలనూ పక్కకు నెట్టి నోటు పుస్తకాలు తెరిచారు.

వారు రచయిత్రులు కారు. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున పల్లెల్లో స్త్రీల సమస్యలపై పని చేసేవారు. వారిలో దళితులున్నారు, పై కులాల వారున్నారు, ఒక ముస్లిం మహిళ ఉంది. సభలో నిలబడి గంటసేపు మాట్లాడగలరు గాని, కాగితం ముందు కూర్చుంటే చేయి ఆడడం వేరే సంగతి. జిల్లా స్థాయిలో వారితో పని చేసే రిచా సింగ్, లక్నోలో పెరిగి అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉన్న రిచా నాగర్ వారికి తోడయ్యారు. అందరూ కలిసి తొమ్మిది మంది. ఊరూరా స్త్రీలకు చెబుతూ వచ్చిన మాటలను తమ జీవితాలకు అన్వయించి చూసుకోవాలన్నది వారి సంకల్పం. అందుకు ఎంచుకున్న సాధనం డైరీ.

సృజనాత్మక రచనను బోధించవచ్చునా అన్న చర్చ చాలాకాలంగా సాగుతున్నదే. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం 1936లోనే దానికొక శిక్షణ కేంద్రం నెలకొల్పింది. కథ రాసినవాడు మౌనంగా కూర్చుంటాడు. తోటివారు ఆ కథలోని బాగోగులను విప్పి చెబుతారు. ఈ పద్ధతి ఆ తరువాత దేశదేశాలకూ పాకింది. అయితే ఆ శిక్షణకు వచ్చేవాడు రచయిత కావాలని ముందే నిశ్చయించుకున్నవాడు. సీతాపూర్ స్త్రీలకు అటువంటి కోరిక ఏదీ లేదు. తమ బ్రతుకు తమకు అర్థం కావాలన్నదొక్కటే వారి కోరిక. భేదమంతా ఇక్కడే ఉంది.

రాయడం ఒంటరిగా, చదవడం ఉమ్మడిగా

వారు పెట్టుకొన్న పద్ధతి సులభమైనది. ఒక్కొక్క ఘట్టాన్ని వరుసగా తీసుకోవాలి: బాల్యం, యుక్తవయస్సు, పెళ్లి, తల్లి కావడం, గడప దాటి పనిలోకి రావడం. ఎవరి డైరీ వారు ఇంటి దగ్గర రాసుకోవాలి. తరువాత అందరూ ఒకచోట చేరి, రాసినది పైకి చదవాలి. విన్నవారు ప్రశ్నలు వేయాలి. ఆ ప్రశ్నలకు జవాబుగా మళ్లీ రాయాలి.

ఇంతలో ఏమున్నది అనిపించవచ్చు. కాని తన జ్ఞాపకాన్ని తానే పైకి చదవడంలో ఒక చిత్రముంది. మనస్సులో ఉన్నంతకాలం అది గాయమో గర్వమో అయి ఉంటుంది. దాని అంచులు కనపడవు. కాగితం మీద పెట్టి నలుగురి ఎదుట చదివినప్పుడు, వినేవారి ముఖాలలో అది మరొక విధంగా కనిపిస్తుంది. ఎక్కడ దాటవేసిందీ, ఎక్కడ తనను తాను మంచిదానిగా చూపుకొన్నదీ చదువుతున్న మనిషికే ముందుగా తెలుస్తుంది.

ఆకలి సంగతి చూడండి. ఆకలి రుచి ఎరుగదని సామెత. కులం కూడా ఎరుగదని అనుకొంటాం. ఏడుగురిలో చాలామంది బాల్యంలో లేమిని చూసినవారే. కాని ఆ పుటలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు లేమి అందరికీ ఒకే తీరుగా లేదని తేలింది. పై కులపు పేద ఇంటిలో కూడు లేకపోయినా వీధిలో మర్యాద మిగిలి ఉంటుంది. దళితుల ఇంటిలో కూటి కరువుకు అంటరానితనం కూడా తోడవుతుంది. అందరం పేదలమే గదా అన్న మాట ఓదార్పుగా వినిపించినా, అందులో ఒకరి అవమానాన్ని మరొకరు చూడకుండా తప్పించుకొనే వెసులుబాటు కూడా ఉంది. సంవత్సరాల తరబడి కలిసి పని చేసిన స్త్రీలు ఈ సంగతిని ఒకరి ముఖం ఒకరు చూసుకొంటూ మాట్లాడవలసి వచ్చింది. కన్నీళ్లు వచ్చాయి, కోపాలు వచ్చాయి. అయినా చదవడం మానలేదు.

పేరు మార్చుకొన్న కథలు

ఆ డైరీల నుంచి, వాటిపై జరిగిన చర్చల నుంచి 2004లో ‘సంగ్తిన్ యాత్ర’ అనే హిందీ పుస్తకం వెలువడింది. దాని చిత్తుప్రతులను కూడా ఉమ్మడిగా చదివి, ఉమ్మడిగా దిద్దారు. ముఖపత్రం మీద తొమ్మిది మంది పేర్లూ ఉన్నాయి. లోపల ఏడు జీవితాలున్నాయి గాని, ఆ ఏడుగురికీ మారుపేర్లు పెట్టారు. ఏ కథ ఎవరిదో పాఠకుడు జత చేసి చూసుకోలేడు.

ఇది కేవలం రచనా చమత్కారం కాదు. జ్ఞాపకాలు రాసే ప్రతివారికీ ఎదురయ్యే ధర్మసంకటానికి వారు కనుగొన్న పరిష్కారం. నా జీవితం నాది. రాసుకొనే హక్కు నాకున్నది. కాని నా కథలో మా అత్తగారున్నారు, అన్నదమ్ములున్నారు, ఊరున్నది. వారు సంతకం పెట్టలేదు. పుస్తకం అచ్చయిన మరునాడు కూడా ఆ ఇంటిలోనే, ఆ బావి దగ్గరనే బ్రతకవలసిన స్త్రీ నిజం దాచకుండా, తన వారిని బజారున పెట్టకుండా ఎలా రాయగలదు? ఏడు గొంతులను కలిపి ‘మేము’ అన్న సర్వనామం వెనుక నిలబడటం వారు ఎన్నుకొన్న దారి. ఆ ‘మేము’లో భేదాలను మాత్రం కప్పిపుచ్చలేదు. ఎక్కడ ఒకరితో ఒకరు విభేదించారో అక్కడ ఆ విభేదాన్ని అలాగే ఉంచారు.

అయినా ముప్పు తప్పలేదు. అది వచ్చినది ఇంటి నుంచి కాదు, కొలువు నుంచి. పుస్తకంలో చివరికి వచ్చేసరికి వారు తమ పని గురించి కూడా రాశారు. స్త్రీల సమానత్వం కోసం నడిచే సంస్థలలో సైతం ఇంగ్లీషు వచ్చినవారు, పట్టాలున్నవారు నిర్ణయాలు చేయడం, ఎండలో ఊళ్లు తిరిగేవారు వాటిని అమలు జరపడం ఎందుకని ప్రశ్నించారు. బాల్యంలోని ఆకలి గురించి రాస్తే అందరూ సానుభూతి చూపుతారు. వర్తమానంలోని జీతం గురించి, పెత్తనం గురించి రాస్తే అదే సానుభూతి ముఖం చిట్లించుకొంటుంది. రచయిత్రులకు తాము పని చేసే చోటనే ఆగ్రహం ఎదురయింది. బ్రతుకుతెరువుకే ప్రమాదం వచ్చింది. దేశంలోనూ, విదేశాలలోనూ ఉన్న పాఠకులు, రచయితలు, కార్యకర్తలు వారికి అండగా నిలిచారు. 2006లో ‘ప్లేయింగ్ విత్ ఫైర్’ అన్న పేరుతో ఆ పుస్తకం ఇంగ్లీషులో వచ్చింది. నిప్పుతో చెలగాటమన్న ఆ పేరు ఊరకే పెట్టినది కాదు.

బూడిద మీద కట్టిన పేట

దాదాపు ఆ కాలంలోనే, ఢిల్లీలో మరొక బడి నడుస్తున్నది. 2001లో అంకుర్ అనే విద్యా సంస్థ, పరిశోధన కేంద్రమైన సరాయ్ కలిసి పేదల బస్తీలలో ‘సైబర్ మొహల్లా’ అనే కార్యక్రమాన్ని ప్రారంభించాయి. మొదటి కేంద్రం లోక్‌నాయక్ జయప్రకాశ్ ఆసుపత్రి వెనుక ఉన్న బస్తీలో ఏర్పడింది. తరువాత దక్షిణ్‌పురిలోనూ, యమున ఒడ్డున ఉన్న నంగ్లా మాంచీలోనూ కేంద్రాలు వెలిశాయి. ఒక గది, కొన్ని కంప్యూటర్లు, కెమెరా, టేపు రికార్డరు. అక్కడికి చేరే యువతీయువకులు. వారిలో చదువు మధ్యలో ఆగిపోయినవారు చాలామంది.

కంప్యూటరు నేర్పే కేంద్రమంటే ఉద్యోగాల కోసమని ఎవరైనా అనుకొంటారు. అక్కడ ప్రతి దినమూ జరిగేది మాత్రం రాయడం, చదివి వినిపించడం, మాట్లాడుకోవడం. పంపు దగ్గరి వరుస, టీ బడ్డీ దగ్గర కూర్చొనే ముసలివాడు, రాత్రి పూట సందులో వినవచ్చే చప్పుళ్లు, ఇంటికి వచ్చిన ఉత్తరం, మేడమీది నుంచి కనిపించే ఆకాశం: ఇవే వారి వస్తువులు. బస్తీ అనగానే బయటివాడికి మురికి గుర్తుకు వస్తుంది, లేదా జాలి గుర్తుకు వస్తుంది. అక్కడ పుట్టి పెరిగినవాడికి అది ఇల్లు. తన ఇంటి గురించి ఇతరులు వాడే మాటలు వదిలి తన మాటలు తాను వెదుక్కోవడమే ఆ సాధనలో అసలు కష్టం. ‘మురికివాడ’ అన్న మాట వాడకుండా మురికివాడ గురించి ఒక పుట రాయమంటే ఆ కష్టమెంతటిదో తెలుస్తుంది.

2006లో ఆ సాధనకు పరీక్ష వచ్చింది. నంగ్లా మాంచీ అన్న పేట ప్రగతి మైదానానికి సమీపంలో, రింగు రోడ్డుకూ యమునకూ నడుమ ఉండేది. దగ్గరలోని విద్యుత్కేంద్రం నుంచి వచ్చిన బూడిదతో పల్లాన్ని పూడ్చుకొని, ఆ నేల మీద జనం ఒక్కొక్క గోడే లేపుకొన్నారు. న్యాయస్థానపు ఉత్తర్వుల మేరకు ఆ సంవత్సరం ఆ పేటను కూల్చివేశారు. ఎవరికి ప్రత్యామ్నాయ స్థలం ఇవ్వాలన్నది కాగితాలు తేల్చాయి. 1990కి ముందు నుంచి ఉన్నట్లు రుజువున్నవారికి 18 చదరపు మీటర్లు. ఆ తరువాత 1998 లోపల వచ్చినట్లు రుజువున్నవారికి 12.5 చదరపు మీటర్లు. ఏ రుజువూ లేనివారికి ఏమీ లేదు. స్థలం దొరికినవారు నగరం పడమటి అంచున ఉన్న ఘేవ్రాకు తరలిపోయారు.

జ్ఞాపకం ఎంత విలువైనదో ఇక్కడ తెలుస్తుంది. ఒక మనిషి ఆ నేలమీద ఎంతకాలంగా బ్రతికాడన్న ప్రశ్నకు ప్రభుత్వం దృష్టిలో సమాధానం రేషను కార్డు. గోడ పెరిగిన ఏడు, బిడ్డ పుట్టిన ఏడు, వరద వచ్చిన ఏడు సాక్ష్యాలుగా నిలవవు. సైబర్ మొహల్లా యువకులు ఆ దినాలలో రాయడం ఆపలేదు. సర్వే చేయడానికి వచ్చినవారిని గురించి, కాగితాల కోసం పెట్టెలు వెదుకుతున్న ఇళ్లను గురించి, కూలిన గోడల నడుమ నడచిన నడకలను గురించి, ఘేవ్రాలోని ఖాళీ నేలను గురించి రాశారు. వారి రాతలు కూల్చివేతను ఆపలేదు. అలా ఆపుతాయని వారు అనుకోనూ లేదు. కాని ఆ పేట ఉండేదనీ, అందులో మనుషులు ఈ విధంగా బ్రతికారనీ చెప్పే పుట మిగిలింది. ఇరవై మంది రచనలతో 2007లో ‘బహురూపియా శహర్’ హిందీలో వచ్చింది. 2010లో శ్వేతా సర్దా అనువాదంతో ‘ట్రిక్‌స్టర్ సిటీ’గా ఇంగ్లీషులో వెలువడింది.

మాట మారితే ఏమవుతుంది

ఈ రెండు పుస్తకాల పేర్లనూ తెలుగు చేయబోతే ఒక చిత్రమైన సంగతి బయటపడుతుంది. ‘ట్రిక్‌స్టర్’ అన్న ఇంగ్లీషు మాటలో మోసపు వాసన ఉన్నది. ‘బహురూపియా’లో అది ప్రధానం కాదు. బహురూపియా అంటే ఊరికి ఒకనాడు సన్యాసిగా, మరొకనాడు పోలీసుగా వచ్చి, చివరిరోజున తన అసలు వేషంతో ఇంటింటికీ వచ్చి సంభావన అడిగేవాడు. తెలుగువారికి అతడు కొత్తవాడు కాడు, మన పగటివేషగాడే. వేషమని అందరికీ తెలిసి కూడా అందరూ నమ్మి ఆనందిస్తారు. ఢిల్లీ మహానగరాన్ని ‘పగటివేషాల పట్నం’ అని పిలిస్తే, ఇంగ్లీషు అనువాదకురాలికి దొరకని మాట తెలుగు అనువాదకుడికి పుట్టింటి నుంచే దొరికినట్లవుతుంది.

‘సంగ్తిన్’ దగ్గర మాత్రం తెలుగు తడబడుతుంది. అవధీ పలుకుబడిలో అది స్త్రీ స్త్రీని పిలుచుకొనే పిలుపు. కష్టంలో సుఖంలో వదలని తోడు అని అర్థం. చెలికత్తె అంటే రాజకుమారి పక్కన నిలబడుతుంది. స్నేహితురాలు అంటే బడి గుర్తుకు వస్తుంది. నేస్తం అంటే అర్థం దగ్గరపడుతుంది గాని, ఆ మాట మగవారికీ చెల్లుతుంది. పల్లెపట్టున ఆడవారు ఒకరినొకరు ‘వదినా’, ‘అక్కా’ అని వరుసలు కలుపుకొని ఆ తోడును పొందుతారు. చుట్టరికం లేని తోడుకు వేరే పేరు పెట్టలేదు. ఒక మాట లేకపోవడం కూడా ఒక సమాజాన్ని గురించి ఏదో చెబుతుంది.

తెలుగులో ఇటువంటి ప్రయత్నం జరగలేదని కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అన్న పేరుతో ప్రచురించింది. పోరాటం ముగిసి మూడు దశాబ్దాలు దాటిన తరువాత ఆ స్త్రీలను కూర్చోబెట్టి, వారి మాటలను వారి పలుకుబడితోనే అచ్చువేసిన పుస్తకమది. అందులో చెప్పేవారు ఒకరు, వినేవారు మరొకరు. కలం విన్నవారి చేతిలో ఉన్నది. సీతాపూర్‌లో, నంగ్లాలో కలం చేతులు మారింది. రెండూ కావలసినవే. రాయలేని ముసలితల్లి చెప్పకుండా పోరాదు. రాయగల పిల్ల మరొకరు వచ్చి అడిగేదాకా ఆగరాదు.

ఏమి రాయాలి?

ఇటువంటి రచనా శిబిరాల అనుభవం నుంచి ఇంటిలో కూర్చొని రాయదలచిన సామాన్యుడు నేర్చుకోదగిన సంగతులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, పెద్ద మాటతో ఆరంభించరాదు. ‘నా బాల్యం కష్టాలమయం’ అని రాసిన మరుక్షణమే కలం ఆగిపోతుంది. అంతా చెప్పేసినట్లే ఉంటుంది. అదే, ఇంటిలో ఎన్ని కంచాలుండేవి, అమ్మ దేనిలో తినేది అని రాయబోతే, కంచం వెంట వరుసగా ఇల్లంతా నడచి వస్తుంది. అమ్మ అందరూ తిన్న తరువాత గిన్నె అడుగున మిగిలినది తినేదన్న సంగతి అప్పుడు గుర్తుకు వస్తుంది. ఆ వాక్యం రాసిన తరువాత కష్టాలన్న మాటతో పని ఉండదు.

రెండవది, వినేవారు ఉండాలి. పొగిడేవారు కాదు, తప్పులు పట్టేవారు కాదు, అడిగేవారు. ‘అప్పుడు మీ చెల్లెలు ఎక్కడున్నది?’ అన్న ఒక్క ప్రశ్న పది సలహాల పెట్టు. అది జ్ఞాపకంలో చీకటిగా ఉన్న మూలకు దీపం పట్టుకొని వెళ్తుంది.

మూడవది, రాసినదంతా అచ్చుకు పోనక్కరలేదు. గుంపులో చదివినది గుంపులోనే ఉండాలన్న కట్టుబాటు లేనిదే ఎవరూ నిజం రాయరు. ఏది బయటకు పోవాలో, ఏ పేరుతో పోవాలో తేల్చుకొనే అధికారం రాసినవారిదే కావాలి. ఈ విషయంలో తొందరపడిన శిబిరాలు కన్నీటిని ప్రదర్శనకు పెట్టిన దోషానికి గురి అవుతాయి.

సీతాపూర్ డైరీలు చివరికి ఎక్కడికి చేరాయో చెప్పుకోవాలి. పుస్తకం వచ్చిన తరువాత ఆ స్త్రీలలో కొందరు కలిసి ఊళ్లలో చర్చలు సాగించారు. ఆ చర్చలు డైరీల దగ్గర ఆగలేదు. కాలువలో నీరెందుకు రాదు, ఉపాధి హామీ పని అడిగితే ఎందుకివ్వరు అన్న ప్రశ్నలకు అవి దారి తీశాయి. సంగ్తిన్ కిసాన్ మజ్దూర్ సంఘటన అన్న పేరుతో అది దళిత రైతులు, కూలీలు వేల సంఖ్యలో చేరిన ఉద్యమమయింది, మగవారూ చేరారు. ఆ సంఘానికి ‘హమారా సఫర్’ అని ఒక పత్రిక కూడా ఏర్పడింది. మన ప్రయాణమని దాని అర్థం.

ఏడుగురు స్త్రీలు పొయ్యి ఆర్పిన తరువాత రాసుకొన్న పుటలకూ కాలువ నీటికీ సంబంధమేమిటని అడగవచ్చు. తన ఇంటిలో ఎవరు చివరికి తింటారో రాసి చూసుకొన్న మనిషికి, కాలువ చివరి పొలానికి నీరెందుకు చేరదో అడగడం పెద్ద కష్టం కాదు.